అమీర్‌పేటలో నా మార్నింగ్ బ్యాచ్

దేశంలో ఏ మూల నుంచి వచ్చినా సరే, మా సంస్థలో కొత్తగా చేరిన అధికారి శిక్షణకు వెళితే మొదటి రోజు మొదటి పాఠం నా గురించే. ఢిల్లీలో చల్లటి హాలు, గోడంత తెర, ఆ తెర మీద ఒకప్పుడు నేను చేసిన పని. పేరు వేయరు గానీ పని నాదే. నా కాలంలో మా సంస్థలో శిక్షణ అనే మాటే వినపడేది కాదు. దానికి నిధులు రావడానికి కారణం నేను. ఈ రోజు మీరు భుజాన వేసుకుని తిరిగే ల్యాప్‌టాప్ సంచీ, దాంట్లో ఉన్న పరికరాలూ, సోదాకి వెళ్ళేటప్పుడు గుమ్మం ముందుకొచ్చి ఆగే బండీ, అన్నీ నా పుణ్యమే.

పై మాటల్లో అబద్ధం ఒక్కటి కూడా లేదు. సాగదీత కొంచెం ఉంది. ఎంత సాగిందో చివరికి మీరే కొలుచుకోండి.

కొలతలు నా పాత వృత్తి. ఉద్యోగంలో చేరింది తూనికలూ కొలతల పని మీద. తక్కెడ పళ్ళెం అడుగున అంటించిన చింతపండు ముద్దని దుకాణం గడప దగ్గరే కనిపెట్టేవాణ్ణి. (గడప దగ్గర కాదు, పళ్ళెం తిరగేశాకే. కానీ మా జవాన్లకు అలాగే చెప్పేవాణ్ణి.) అక్కడి నుంచి నన్ను డిప్యుటేషన్ మీద ఈ కొత్త సంస్థకు పంపించారు. వ్యాపారులు లోపల్లోపల చేతులు కలిపి పోటీని చంపకుండా, కొనేవాడు మోసపోకుండా చూసే జాతీయ సంస్థ. వినడానికి ఎంత గంభీరంగా ఉందో చూడండి. మా ప్రాంతీయ కార్యాలయం మాత్రం పంజాగుట్టలో ఒక పాత కాంప్లెక్సులో పై అంతస్తు. కింద నగల కొట్టు, మధ్యలో పళ్ళ డాక్టరు, ఆ పైన మేము. లిఫ్టు పళ్ళ డాక్టరు దాకానే వచ్చేది. అక్కడి నుంచి న్యాయం కోసం మెట్లెక్కాలి.

అధికారులం ముగ్గురం, ముగ్గురమూ ఎక్కడెక్కడి నుంచో తెచ్చినవాళ్ళమే. మా పెద్దసారు అంతకుముందు పట్టుపురుగుల పెంపకం చూసేవారు. ఆయన రిటైర్మెంటు దగ్గర్లో ఉండడం వల్ల ఏ ఫైలు చూసినా "జర ఆగుండ్రి" అనేవారు. మా చిన్న మేడమ్ గుంటూరు వైపు మనిషి, అంకెల శాఖ నుంచి వచ్చింది. వయసులో చిన్న, మాటలో పొదుపు. మూడోవాణ్ణి నేను. బజారులో ఎంత పెద్ద కుమ్మక్కు జరిగినా ఛేదించవలసిన బలగం ఇదీ. ఒకరికి పురుగులు తెలుసు, ఒకరికి అంకెలు తెలుసు, ఒకడికి చింతపండు తెలుసు.

ఒకరోజు మధ్యాహ్నం భోజనాల వేళ మెట్ల మీద చెప్పుల చప్పుడు. ఆయాసపడుతూ ఒక అమ్మాయి తలుపు దగ్గర నిలబడింది.

"సార్, కంప్లైంట్ తీసుకునే ఆఫీసు గిదేనా? కింద పళ్ళ డాక్టర్ కాడ కూసోబెట్టిండ్రు నన్ను. నోరు తెరువుమన్నరు."

నోరు మా దగ్గర తెరిచింది. ఆ పిల్లది బోరబండ. తండ్రి తాపీ పని. తను సనత్‌నగర్‌లో మందుల ప్యాకింగు చేసేది. ఆ పని మానేసి, అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకోవడానికి చేరింది. ఉచిత డెమో రోజున అద్భుతంగా చెప్పిన సారు, ఫీజు కట్టిన మర్నాటి నుంచి కనపడలేదు. ఆయన బదులు ఇంకెవరో వచ్చి జిరాక్సు నోట్సు పైకి చదివి పోతున్నాడు. ఆ పిల్ల విసిగి అది వదిలేసి పక్క ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళింది. సీట్లు లేవన్నారు. దాని పక్కదానికి వెళ్ళింది. అక్కడా లేవన్నారు.

"బయట బోర్డు మీద కొత్త బ్యాచ్ రేపే అని ఉంటది సార్. లోపల కుర్చీలన్నీ ఖాళీగ ఉంటయి. నా ఫోన్ నంబర్ కంప్యూటర్ల కొట్టంగనే సీట్లు అయిపోతయి."

"ఎక్కడన్నా నేర్చుకోవచ్చు కదమ్మా, అంత తొందరేముంది?" అన్నాను నేను, కారియరు మూత పెడుతూ.

"నా దోస్తు కంపెనీల టెస్టింగ్ వచ్చినోళ్ళను తీసుకుంటున్నరు సార్. దసరా దాక చూస్తమన్నరు. గప్పటికి నేర్వకపోతే నాకు మళ్ళ ప్యాకింగే."

చిన్న మేడమ్ అప్పటిదాకా వింటోంది. "అంటే, ఒకచోట మానేసిన స్టూడెంట్‌ని ఇంకెవరూ చేర్చుకోకూడదని వాళ్ళంతా ఒక మాట అనుకున్నారన్నమాట. కొనేవాడు కొట్టు మారకుండా కట్టేశారు. అదే నిజమైతే ఇది మన కేసేనండీ."

నాకు అంతా ముందే తెలిసినట్టు తల ఊపాను.

కేసు అయితే కట్టాం. సాక్ష్యం ఏది? ఇలాంటి ఒప్పందాలు కాగితం మీద రాసుకోరు. ఫోన్లలో గ్రూపులు పెట్టుకుంటారు, మాట్లాడుకుంటారు, చెరిపేస్తారు. చెరిపేసినదాన్ని తిరిగి పైకి తీసే విద్య మా ముగ్గురిలో ఎవరికీ రాదు. శిక్షణ ఇప్పించమని ఢిల్లీకి రాశాం. శిక్షణకు ఈ ఏడు నిధులు లేవు, స్థానికంగా ఉన్న వనరులను వాడుకోండి అని జవాబు వచ్చింది.

పెద్దసారు దాన్ని పైకి చదివి కళ్ళజోడు తీశారు. "స్థానికంగ మన దగ్గరేమున్నదయా?"

"సార్, అమీర్‌పేట ఉన్నది," అన్నాను.

నిజమే కదా. ప్రపంచంలో ఏ కంప్యూటరు విద్య అయినా మా ఆఫీసుకి నడిచి వెళ్ళేంత దూరంలో దొరుకుతుంది. మెట్రో దిగితే చాలు, కరపత్రాలు మన చేతిలోకి వాటంతటవే వస్తాయి. ఈ ఆలోచన పూర్తిగా నాది. ఇందులో సాగదీత లేదు, ఉన్నా బాగుండేది.

డేటా రికవరీ, మార్నింగ్ బ్యాచ్. ఆ అమ్మాయి చెప్పిన పేర్లలో లేని ఇన్‌స్టిట్యూట్‌ని ఏరి మరీ చేరాను. చూశారా ఎంత ముందుచూపో! రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయి, "బిల్లు ఎవరి పేరు మీద సార్?" అంది.

"ఆఫీసు పేరు మీద కొట్టమ్మా. లేకపోతే మాకు రీయింబర్స్ కాదు."

సర్కారు ఉద్యోగి ప్రాణమైనా వదులుతాడు గానీ బిల్లు వదలడు. మా సంస్థ పేరు పెద్దది, ఆ పిల్లకి ఒక్కొక్క అక్షరం చెప్పి కొట్టించాను. "గిదేం ఆఫీసు సార్? ఎన్నడు వినలే" అందా పిల్ల. అంతే, నాకు ఎక్కడో తగిలింది. మేం ఎంతెంత పెద్దవాళ్ళని వణికిస్తామో అరగంట సేపు వివరించాను. నా వెనక లైనులో నిలబడ్డ కుర్రాళ్ళు కూడా విన్నారు.

క్లాసు గొప్పగా ఉండేది. కల్యాణమండపం అంత హాలు, అందులో ఇరుక్కుని పిల్లలు, మైకు పట్టుకుని సారు. నాకు మొదటి వరసలో ఫ్యాను కింద సీటు ఉంచేవాళ్ళు. మధురానగర్ హాస్టళ్ళ నుంచి తడి తలలతో పరిగెత్తుకొచ్చే పిల్లలంతా నన్ను అంకుల్ అనేవాళ్ళు. వారం తిరిగేసరికి వాళ్ళ ఉద్యోగాల బాధలూ, హాస్టల్ సాంబారు బాధలూ నాకు చెప్పుకునేదాకా వచ్చింది. నేను వాళ్ళకు క్లాస్ లీడర్ని అని మా ఆవిడతో చెప్పాను. అటువంటి పదవి ఆ క్లాసులో లేదు.

చివరి వరసలోని పిల్లలు సైతం అడగని ప్రశ్నలు నేను అడిగేవాణ్ణి. ఒకరోజు లేచి నిలబడి, "సార్, ఒక డౌట్. పదిమంది వ్యాపారులు ఒక గ్రూపుల ఒక మాట అనుకొని, దాన్ని చెరిపేసిండ్రనుకోండ్రి. మనం పోయి ఫోన్లు పట్టుకుంటే గా మాట దొరుకుతదా?" అన్నాను.

"మంచి డౌట్ అంకుల్," అన్నాడు సారు మైకులో. "ఎంత జల్ది పట్టుకుంటే అంత మంచిగ దొరుకుతది. ఫోన్లే మార్చేసిండ్రనుకో, ఇంక ఫికరే లేదు వాళ్ళకు."

నేను రాసుకున్నాను. నేనొక్కణ్ణే రాసుకోలేదని తర్వాత తెలిసింది.

సోదాకు అనుమతి వచ్చింది. ఇన్‌స్టిట్యూట్‌ల యజమానులందరికీ ఒక సంఘం ఉంది. దాని గది అమీర్‌పేటలో ఒక సందులో జిరాక్సు షాపు పైన. సంఘం పెద్దలంతా నెలకోసారి పొద్దున్నే అక్కడ కలుస్తారు. ఆ పొద్దున మేం వెళ్ళాలి. మా ఆఫీసుకి బండి లేదు కాబట్టి ఆటోల్లో వెళ్ళాం. పట్టుకున్న కంప్యూటర్లకు సీలు వేయడానికి లక్క, కొవ్వొత్తి, గోనె గుడ్డ నేనే తెచ్చాను. తూనికల శాఖలో అలాగే వేసేవాళ్ళం. చిన్న మేడమ్ ఆ గోనె గుడ్డ వైపు ఒకసారి చూసి తల తిప్పేసుకుంది.

"చప్పుడు చేయకుండ ఎక్కుండ్రి. చెప్పులు విడువుండ్రి," అన్నారు పెద్దసారు గుసగుసగా. ముగ్గురం చెప్పులు చేత్తో పట్టుకుని పిల్లుల్లా మెట్లెక్కాం.

తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల మా కోసం కుర్చీలు వేసి ఉన్నాయి. ప్రతి కుర్చీ ముందూ నీళ్ళ సీసా. బల్ల మీద ఫ్లాస్కులో ఇరానీ చాయ్, ప్లేటులో ఉస్మానియా బిస్కెట్లు, పక్కన ఒక పూలగుత్తి. గుత్తి పట్టుకుని ఎదురొచ్చిన మనిషిని చూడగానే నా చేతిలో చెప్పు జారి కింద పడింది. మా ఇన్‌స్టిట్యూట్ ఓనరు! రోజూ పొద్దున నాకు నమస్కారం పెట్టే మనిషి. ఆ సంఘానికి అధ్యక్షుడు ఆయనేనట. ఆ అమ్మాయి ఆ ఒక్క ఇన్‌స్టిట్యూట్ గడప తొక్కలేదు కాబట్టే ఆ పేరు మా ఫిర్యాదులో లేదు.

"రండ్రి సార్, రండ్రి. మీ కోసమే చూస్తున్నం," అన్నాడు. "అంకుల్, మీరు గీ పక్కకు కూసోండ్రి. ఫ్యాన్ గాలి వస్తది."

ఫోన్లన్నీ బల్ల మీద వరసగా పేర్చి ఉన్నాయి. అన్నీ కొత్తవే. కొన్నింటి అద్దం మీద ప్లాస్టిక్ పొర ఇంకా తీయలేదు. కంప్యూటర్లు కూడా పెళ్ళికొడుకుల్లా మెరుస్తున్నాయి. అయినా నేను వెనక్కి తగ్గలేదు. నేర్చిన విద్య ఉంది కదా అని వైరు తగిలించి, చేతులు రుద్దుకుని, బటన్లు నొక్కాను. తెర మీద చక్రం కాసేపు తిరిగింది. ఏమీ లేదని చెప్పి ఆగింది.

ఓనరు నా భుజం మీదుగా తొంగి చూశాడు. "డీప్ స్కాన్ చేయాలె అంకుల్. కాని గది మీ సిలబస్‌ల వచ్చేవారం ఉన్నది."

ఆ గదిలో నవ్వనివాళ్ళు ముగ్గురే. పెద్దసారు ఒక బిస్కెట్టు తీసుకుని చాయ్‌లో ముంచారు. అది విరిగి అడుక్కి పోయింది. దాన్ని చెంచాతో వెతికి తీశారు. ఆ రోజు మా సోదాలో దొరికింది అదొక్కటే.

మర్నాడు ఆ అమ్మాయి వచ్చింది. చిన్న మేడమ్ ఏదీ దాచకుండా చెప్పింది. సాక్ష్యం దొరకలేదు, మళ్ళీ మొదటి నుంచి వెతకాలి అని.

"అంటే ఇంక టైం పడ్తదా మేడమ్?"

"పడుతుందమ్మా."

"దసరా దాటుతదా?"

పెద్దసారు గోడ మీది క్యాలెండరు కాగితం తిరగేశారు. ఆ పిల్ల చున్నీ సర్దుకుని, "సరే సార్" అని మెట్లు దిగిపోయింది. మమ్మల్ని తిట్టి ఉంటే నేను ఈపాటికి ఆ రోజుని మరిచిపోయి ఉండేవాణ్ణి. దసరా వచ్చింది, వెళ్ళింది. ఆ పిల్ల సనత్‌నగర్‌లో మళ్ళీ ప్యాకింగుకి పోతోందని తెలిసింది.

ఇక్కడి నుంచి కథ నేను పాతికసార్లు చెప్పాను. రిటైర్మెంటు సభలో చెప్పాను, మనవరాలి బారసాలలో చెప్పాను, మెట్రోలో పరిచయం లేనివాళ్ళకి చెప్పాను. ఎలా చెప్పానంటే: సోదా విఫలమయ్యాక నేను ఓటమి ఒప్పుకోకుండా, వేషం మార్చి, నన్ను నేనే ఎరగా వేసుకుని శత్రువు కోటలోకి నడిచి వెళ్ళాను అని.

వెళ్ళిన మాట నిజం. అయితే వేషం ఏమీ మార్చలేదు. వెళ్ళింది బిల్లు కోసం. కోర్సు పూర్తిచేసిన సర్టిఫికెట్టు జతచేస్తేనే గాని రీయింబర్స్‌మెంటు రాదు. పాత ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళడానికి నాకు మొహం చెల్లలేదు. అందుకని ఆ సందు చివర ఇంకో దాంట్లో మిగతా కోర్సు పూర్తిచేద్దామని వెళ్ళాను. కౌంటరులో కుర్రవాడు నా ఫోన్ నంబరు కొట్టాడు. కొట్టగానే వాడి మొహం మారింది.

"సీట్లు లేవు అంకుల్."

వాడి వెనక హాలంతా ఖాళీ. "ఏందయ్యా, బయట రేపే కొత్త బ్యాచ్ అని రాసుకున్నరు కద?"

"మీరు అక్కడ చేరి వదిలేసిండ్రు కద అంకుల్. ఒక దగ్గర వదిలేసినోళ్ళను ఇంకో దగ్గర తీసుకోరు. గీ లైన్ల అందరిదీ గదే రూల్."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆఫీసుకి వచ్చి, కుర్చీలో కూలబడి, గ్లాసు నీళ్ళు తాగి, అరవడం మొదలుపెట్టాను. కొనేవాడంటే వీళ్ళకు లెక్క లేకుండా పోయిందన్నాను. డబ్బిస్తానన్నా చదువు చెప్పరా అన్నాను. ఈ దేశంలో అడిగే నాథుడు లేడా అన్నాను. అడగడానికి జీతం ఇచ్చి పెట్టుకున్న నాథుణ్ణి నేనేనని ఆ కోపంలో గుర్తు రాలేదు.

చిన్న మేడమ్ కలం కింద పెట్టింది. "ఏంటి సార్, ఏమన్నాడు? మళ్ళీ చెప్పండి."

"సీట్లు లేవన్నడు."

"ఆ తర్వాత?"

"అందరిదీ గదే రూలన్నడు, బద్మాష్."

"సార్," అంది ఆవిడ చాలా నెమ్మదిగా, చంటిపిల్లాడికి అన్నం పెట్టేవాళ్ళ గొంతుతో. "మనం ఇన్నాళ్ళుగా వెతుకుతున్నది అదే కదండీ."

నాకు అర్థం కావడానికి ఇంకో గ్లాసు నీళ్ళు పట్టింది.

ఆ తర్వాత పదిరోజులూ నా ఉద్యోగ జీవితంలో నేను పెద్దగా ఏమీ చేయకుండా బాగా చేసిన రోజులు. నా పని సందు సందునా ఇన్‌స్టిట్యూట్‌లకి వెళ్ళి కాదనిపించుకోవడం. (సోదా రోజు మా మొహాలు చూసిన ఓనర్లు కౌంటర్లలో కూర్చోరు.) చిన్న మేడమ్ నా కూతురిలా పక్కన నిలబడి ప్రతి మాటా వినేది. కొన్ని చోట్ల పెద్దసారు కూడా వచ్చారు, నా అన్నలా. ఆయన ఒకచోట పాత్రలో మరీ లీనమై, "మా తమ్మునికి చదువంటే పానం, జర దయచేసి తీసుకోండ్రి" అని కళ్ళు తుడుచుకున్నారు. అయినా తీసుకోలేదు. ఆ సాక్ష్యాల మీద ఉత్తర్వు వచ్చింది: ఎక్కడ మానేసిన విద్యార్థినైనా అడిగినచోట చేర్చుకోవాల్సిందే. ఆ అమ్మాయి ప్యాకింగు నుంచి మళ్ళీ వచ్చి నా పాత ఇన్‌స్టిట్యూట్‌లోనే చేరింది. అక్కడి టెస్టింగు సారు నిజంగానే మంచి సారట. ఆ దసరా ఉద్యోగం పోయింది గానీ, ఆలస్యంగానైనా ఇంకో కంపెనీలో చేరింది. ఇప్పుడు పక్కవాళ్ళు రాసినదాంట్లో తప్పులు పట్టి జీతం తీసుకుంటోంది.

ఇక నా గొప్పతనం సంగతి. ఆ మరుసటి ఏడాది ఢిల్లీ నుంచి ఒక కమిటీ వచ్చింది. సోదా ఎందుకు విఫలమైందని అడిగింది. చిన్న మేడమ్ ఉన్నది ఉన్నట్టు చెప్పింది. లక్క, కొవ్వొత్తి, గోనె గుడ్డ, మార్నింగ్ బ్యాచ్, అన్నీ. కమిటీలో ఒకాయన నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్ళి వచ్చాడు. ఆ తర్వాతే శిక్షణకు విడిగా నిధులు వచ్చాయి, పరికరాలు వచ్చాయి, ఎక్కడెక్కడి నుంచో తెచ్చిన మాలాంటివాళ్ళు కాకుండా ఈ పనికే ఎంపికైన మీరు వచ్చారు. ఇప్పుడు మీకు మొదటి రోజు మొదటి గంటలో చెప్పే పాఠం నా మీదే, అందులో మార్పు లేదు. ఆ పాఠం పేరు "చేయకూడనివి" అని మొదట చెప్పడం మరిచాను.

నవ్వుకోండి, కానీ ఒక మాట వినండి. అవతలివైపు వ్యాపారి ఏ తప్పుకు ఏ వకీలు పనికొస్తాడో ముందే చూసిపెట్టుకుంటాడు. ఫోన్ ఎప్పుడు మార్చాలో చెప్పడానికి మనిషిని పెట్టుకుంటాడు. ఇవతలివైపు బోరబండ నుంచి వచ్చిన పిల్లకి దిక్కు ఎవరయ్యా అంటే, గోనె గుడ్డ పట్టుకుని నేను. ఒక డౌటు ఎక్కడ అడగాలో, ఎక్కడ అడగకూడదో నాకు నేర్పినవాళ్ళు లేరు. ఆ నేర్పు లేకపోవడం వల్ల ఒక ఆడపిల్లకి ఒక దసరా పోయింది. శిక్షణకు డబ్బు దండగ అని ఎవరైనా అంటే నన్ను చూపించండి.

ఇంతవరకూ రాసి, మొన్న ఆదివారం ఆ అమ్మాయి మధురానగర్‌లో మా ఇంటికి వస్తే చదివి వినిపించాను. ఇప్పుడు నన్ను సార్ అనడం మానేసి అంకుల్ అంటోంది. మా ఆవిడ వేసిన పకోడీలు తింటూ చివరిదాకా విన్నది.

"ఎట్లున్నదమ్మా?"

"మస్తున్నది అంకుల్. కాని డౌట్ అడిగినందుకు లీకైందని రాసిండ్రు చూడుండ్రి, గది తప్పు."

"తప్పేంది? నేనే అడిగితిని కద?"

"డౌట్లు అక్కడ రోజు మస్తు మంది అడుగుతరు. గవి ఎవలు పట్టించుకుంటరు? నేను సుత గా ఇన్‌స్టిట్యూట్‌లనే చదివిన కద, రిసెప్షన్ అక్క నాకు అంత చెప్పింది. సోదాకు ముందటి రోజు మీరు కౌంటర్ కాడికి పోయి, రేపు అమీర్‌పేటల్నే ఒక సంఘం మీద సోదా ఉన్నది, పొద్దుగాల క్లాసుకు రాను, ఆబ్సెంట్ వెయ్యకుండ్రి, ఆన్ డ్యూటీ వెయ్యుండ్రి అని బతిమిలాడిండ్రట."

నేను పకోడీల ప్లేటు ఆ పిల్ల వైపు జరిపాను.

"అటెండెన్స్ తక్కువైతే సర్టిఫికెట్ ఇయ్యరు కదమ్మా," అన్నాను.

"నా దసరా పోయింది ట్రైనింగ్ లేక కాదు అంకుల్, మీ నోరు ఆగక. గది సుత రాయుండ్రి."